నా చోట్లో నీ పుస్తకాలు

కాస్త అటు జరగమని నిన్నడగలేను. నువ్వు జరగవు. బతికున్నప్పుడే జరగలేదు, పోయి ఏడాదిన్నరయ్యాక ఇప్పుడేం జరుగుతావు! కానీ జేలిగ్, నీ పక్కన ఎవరు పడుకున్నారో ఒక్కసారి చూడవయ్యా. పెళ్ళాం ఇంకా బతికే ఉంది. ఇదిగో, నీ సమాధి దగ్గరే నిలబడి ఉంది, చేతిలో గులకరాయి పట్టుకుని. మరి పెళ్ళాం చోట్లో ఆ మట్టి దిబ్బ ఎవరిది?

పుస్తకాలది!

నవ్వకు. నవ్వుతావని తెలిసే వేసవంతా చెప్పకుండా ఊరుకున్నాను. వచ్చానా, మన ఆచారం కనక నీ సమాధి మీద రాయి పెట్టానా, వెళ్ళానా, అంతే. ఇవాళ మాత్రం తేల్చుకుని వెళ్దామని వచ్చా.

జూన్‌లో చూశాను నేను. ఈ కెనడాలో, ఈ విన్నిపెగ్‌లో గడ్డకట్టిన నేల కరగడమే ఆలస్యం, దోమలు తయారు కదా! ఒక చేత్తో దోమలు తోలుకుంటూ, ఇంకో చేత్తో రాయి పట్టుకుని వచ్చి చూద్దును కదా, నీ పక్కన కొత్త మట్టి. మన జంట రాయి ఎలా చెక్కించాను? ఎడమ సగం మీద నీ పేరు, కుడి సగం నున్నగా, ఖాళీగా, నాకోసం. సరిగ్గా ఆ ఖాళీ సగం కింద తవ్వి పూడ్చేశారు. ఒట్టు, ఒక్క క్షణం నేనే పోయానేమో, నాకెవరూ చెప్పలేదేమో అనుకున్నా!

తిన్నగా షాయా ఇంటికి వెళ్ళా. శ్మశాన సంఘానికి పెద్ద కదా మహానుభావుడు. పోయినవాళ్ళకి స్నానాలు చేయించి చేయించి, బతికున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో మర్చిపోయాడు. "నా చోట్లో ఎవర్ని పెట్టావ్?" అని గుమ్మంలోనే అరిచాను. లోపల వాళ్ళావిడ చేతిలో పళ్ళెం జారిపోయింది.

"కంగారు పడకండి ద్వోషా గారూ, ఎవరూ పోలేదు. పుస్తకాలు" అన్నాడు.

ఏం పుస్తకాలయ్యా అంటే, మన వీధి చివర మన యూదుల చిన్న ప్రార్థనా మందిరం మూసేశారు కదా, వచ్చేవాళ్ళు లేక, అందులో చిరిగిన ప్రార్థన పుస్తకాలట. చలికాలమంతా ఇక్కడే షెడ్డులో పెట్టారట. నేల ఇనుములా ఉంటే ఎక్కడ తవ్వుతారు! నాకు చెప్తున్నాడు, నాకేదో తెలీనట్టు: దేవుడి పేరున్న కాగితం చెత్తలో పడెయ్యకూడదు, కాల్చకూడదు, మనిషిని పాతినట్టే మట్టిలో పెట్టాలి అని. "మట్టిలో పెడితే ఎవరి పక్కన పెట్టాలి? పుస్తకం అంటే ప్రాణం పెట్టినవాడి పక్కన. ఈ ఊళ్ళో జేలిగ్‌ని మించి ఎవరున్నారు? ఇలాంటి గౌరవం మన మతగురువులకే, రబ్బీలకే దక్కదు!" అన్నాడు, నాకేదో పట్టుచీర పెట్టినట్టు మొహం పెట్టి.

"గౌరవం మా ఆయనకి. చోటు నాది" అన్నాను.

అప్పుడు నసిగాడు. గడ్డం గోక్కున్నాడు. "జేలిగే చెప్పాడు ద్వోషా గారూ" అన్నాడు.

ఏం చెప్పాడు?

"రెండు చోట్లు కొన్నాడు కదా. రెండోది ఎవరికోసం జేలిగ్ అని మీటింగులో ఎవరో అడిగారు. నా పుస్తకాలకి అన్నాడు. అందరం విన్నాం. పోయినవాడి మాట నెరవేర్చడం మన ధర్మం కదా."

చెప్పు. అన్నావా?

అన్నావు. నాకు తెలుసు అని ఉంటావు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, చక్కెర ముక్క బుగ్గన పెట్టుకుని, వాళ్ళందర్నీ ఒకసారి చూసి అని ఉంటావు. వాళ్ళు పగలబడి నవ్వి ఉంటారు. నేనడిగేది అది కాదు. హాస్యానికన్నావా, నిజంగానే అన్నావా? జూన్ నుంచీ నాకు ఇదే. పడుకుంటే ఇదే, లేస్తే ఇదే. హాస్యమైతే ఇంతమందికి హాస్యమని తెలిసి ఉండాలి కదా! నిజమైతే నాకొక్కదానికైనా చెప్పాలి కదా!

చెప్పవు. ఎప్పుడు చెప్పావు గనక.

నిజమే అయ్యుంటుందిలే. మన మంచం మీద నీ పుస్తకాలకి ఎంత చోటుండేది, నాకెంత ఉండేది? గోడవైపు నేను, నీ రెండోవైపు చందా సంచికలు. పక్క మీద దొర్లితే ఏదో ఒక సంఘం వార్షికోత్సవం వీపులో గుచ్చుకునేది. స్నానాల తొట్టిలో ఎవరి సెల్లారులోనో తడిసిన పుస్తకాలు. నేను వంటింట్లో బకెట్ నీళ్ళతో స్నానం చేశానయ్యా, సంపాదించుకున్న సొంతింట్లో! ఒకసారి ఓవెన్ తెరిస్తే, రొట్టె పెడదామని తెరిస్తే, లోపల కరపత్రం ఆరబెట్టి ఉంది. "అమ్మో, వేడి పెంచకు ద్వోషా, ఇది ప్రపంచంలో ఒక్కటే ఉంది" అన్నావు.

నేనెన్ని ఉన్నాను జేలిగ్?

ఏమన్నా అంటే నా నోరు నేనే నొక్కుకునేదాన్ని. ఎందుకంటే నీ ఊరు సంగతి నాకు తెలుసు. అక్కడ పోలండ్‌లో యుద్ధం అయ్యేసరికి మీ వీధి లేదు, మీ బడి లేదు, మీ వాళ్ళు ఎవరూ లేరు. నువ్వొక్కడివే ఓడ దిగావు, ఒక సూట్‌కేసుతో. అందులో బట్టలు లేవు. అలాంటి మనిషి, ఇక్కడ ఎవరో ముసలమ్మ పోతే ఆవిడ పిల్లలు మన యిడ్డిష్ భాష పుస్తకాల్ని వీధిలో చెత్త డబ్బాల పక్కన పెట్టడం చూస్తే ఊరుకుంటాడా? ఊరుకోడు. పరిగెత్తుతాడు. "నోళ్ళు పోతాయి ద్వోషా, కాగితం మిగులుతుంది" అనేవాడివి. దానికి నేనేం జవాబు చెప్పను? పిల్లలు లేని ఇల్లు, పుస్తకాలతో నిండనీలే అనుకున్నాను.

పుస్తకాలని భరించాను. ఒప్పుకుంటావా? భరించాను.

బ్లూమాని మాత్రం భరించలేకపోయాను.

ఇదిగో, ఇప్పుడు మొహం తిప్పుకుంటావు చూడు. పేరు ఎత్తగానే. యిడ్డిష్ బడి పంతులమ్మ, బడి మూసేశాక పని లేదు, మొగుడు పోయాక ఇంట్లో మనిషి లేడు, మెళ్ళో గొలుసుకి కళ్ళజోడు, ఆ వయసులో పెదాలకి రంగు! "జేలిగ్ గారూ, గిమ్లీ దగ్గర ఒకాయన షెడ్డులో పెట్టెలున్నాయట." "జేలిగ్ గారూ, సస్కాచెవాన్‌లో మన వాళ్ళు సేద్యం చేసిన ఊళ్ళో ఒక సెల్లారు ఉందట." ఉందట, ఉందట! ఈ మైదాన ప్రాంతమంతటా మన వాళ్ళ సెల్లారు ఎక్కడుందో ఆవిడకి వాసన వచ్చేది. ఇక నువ్వు కారు తియ్యడమే.

ఆ కారులో ముందు సీటు ఎవరిది? ఆవిడది. ఎందుకంటే మ్యాపు చూసి దారి చెప్పాలట. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నేనూ వస్తానన్నాను. నన్నెక్కడ కూర్చోబెట్టావు? వెనకాల. పెట్టెల మధ్య. మోకాళ్ళ మీద ఎవరిదో నాటకాల పోస్టర్ల కట్ట. ముందు మీరిద్దరూ. ఆ రోజంతా మీ ఇద్దరి మెడలు చూశాను నేను. పొలాలేమీ చూడలేదు.

ఏమీ లేదంటావు. ఏమీ లేదని నాకూ తెలుసు. ఏమన్నా ఉంటే బాగుండేది, గిన్నెలు విసిరేదాన్ని, నలుగుర్ని పిలిచేదాన్ని. మొగుడు ఇంకో ఆడదానితో కలిసి పాత కరపత్రాలు చూస్తున్నాడని ఎవరితో చెప్పుకుని ఏడవను?

సరే, ఆ రోజు చెప్తాను, విను. నీకు గుర్తుండదు, నాకు గుర్తుంది. ఆ రోజు కోసమే నేను నిన్ను క్షమించలేదు.

మీరిద్దరూ ఎక్కణ్ణుంచో వచ్చారు. నువ్వు బూట్లు కూడా విప్పలేదు. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది, బుగ్గలు ఎర్రగా. ఇద్దరూ కొత్త పెళ్ళివాళ్ళలా వెలిగిపోతున్నారు. నేను బార్లీ సూప్ వడ్డిస్తున్నా. నీ చేతిలో సన్నటి పుస్తకం, ఎనిమిది పేజీలుంటుందేమో. "దొరికింది ద్వోషా! ఎన్నేళ్ళ నుంచి వెతుకుతున్నాను! విను, నీకు తెలుసా? ఈ ఊళ్ళో, మన ఉత్తరపు పేటలోనే, మాంసం ధర పెంచారని ఆడవాళ్ళు కొట్లు మూయించారట. కొన్నవాళ్ళ సంచుల్లోంచి మాంసం లాగి, దాని మీద కిరసనాయిలు పోశారట!"

నేనన్నాను, "ఆ కిరసనాయిలు డబ్బా పట్టుకుంది నేనే" అని.

ఏమన్నావో తెలుసా? "ఊఁ, ఊఁ, ఉండు, వాళ్ళ మూడో డిమాండు చదువుతా" అన్నావు.

చదివావు. మూడో డిమాండు, నాలుగో డిమాండు, అన్నీ. నేను నీ ముందు నిలబడే ఉన్నాను జేలిగ్, గరిటె పట్టుకుని. మా అమ్మ ఖాస్యా ఆ గుంపుకి ముందు నడిచింది. నాకప్పుడు ఏడేళ్ళు, డబ్బా నా నడుము దాకా ఉండేది. ఒక్క ప్రశ్న, ఒక్కటి, అడిగి ఉంటే సూప్ చల్లారిపోయినా చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు. ఆవిడతో కలిసి ఆ కాగితాన్ని పాపాయిని పట్టుకున్నట్టు పట్టుకుని సెల్లారులోకి దిగిపోయావు. మెట్ల మీద నుంచి మీ నవ్వులు వినపడ్డాయి.

ఆ పుస్తకం ఆ పెట్టెలోకి వెళ్ళింది. నీకు ప్రాణమైన పెట్టె. ఊరి పెట్టె అనేవాడివి. ఈ ఊళ్ళో మన వాళ్ళు అచ్చేసినవే అందులో. రొట్టెల కార్మికుల సమ్మె కరపత్రాలు, నాటకాల చీటీలు, బడి స్వర్ణోత్సవ సంచిక, ఆడవాళ్ళు చందాలేసుకుని అచ్చేసిన వంటల పుస్తకం. పెట్టె మీద యిడ్డిష్‌లో వివరాలు. ఎవరి చేతిరాత? ఆవిడదే. గుండ్రంగా, ముద్దుగా, పంతులమ్మ రాత. నువ్వు పోయాక కూడా ఆవిడ వారం వారం వచ్చేది, సర్దాలని. నా ఇంట్లో నా సెల్లారులోకి నాకంటే ముందు దిగేది.

ఇక మే నెల వచ్చింది. షాయా మనుషులు ఇద్దరు తలుపు కొట్టారు. "జేలిగ్ గారి దగ్గర పాతబడ్డ పవిత్ర గ్రంథాలేమన్నా ఉంటే ఇవ్వండి, మందిరం పుస్తకాలతో కలిపి మట్టిలో పెడతాం" అన్నారు. సెల్లారులో బాయిలర్ పక్కన నువ్వు విడిగా పెట్టినవి ఉన్నాయి కదా, అవి తీసుకోమన్నాను. ఊరి పెట్టె కూడా ఆ పక్కనే ఉంది. అదీ పట్టుకుపోయారు.

వాళ్ళకి యిడ్డిష్ చదవడం రాదు. అక్షరాలు మాత్రం గుర్తుపడతారు. ప్రార్థన పుస్తకంలో ఉన్నవీ ఆ అక్షరాలే, సమ్మె కరపత్రంలో ఉన్నవీ ఆ అక్షరాలే! ఒకడు చేయి జారి ఒక కరపత్రం కింద పడేసి, వెంటనే తీసి ముద్దు పెట్టుకున్నాడు. ఏంటో తెలుసా అది? దేవుణ్ణి నమ్మనివాళ్ళ సంఘం వాళ్ళది. మహా ఉపవాసం రోజున అందరూ విందుకి రండి, డాన్సు కూడా ఉంది అని! దానికి ముద్దు పెట్టాడు. తర్వాత దాన్ని పది మంది మగాళ్ళు ప్రార్థన చేసి మరీ పాతారు. ఇప్పుడు నువ్వు నవ్వచ్చు. నేనూ నవ్వాను. ఎక్కడ పాతారో తెలిసేదాకా నవ్వాను.

బ్లూమా ఇల్లంతా వెతికింది. వెతికి వెతికి మెట్ల మీద కూలబడింది. సంగతి బయటపడింది. ఇక చూడు రచ్చ! మన పేట గ్రంథాలయం వాళ్ళు, షాయా, రబ్బీ, అందరూ నా ముందు గదిలో. నేను గసగసాల రొట్టె కోసి పెట్టాను, ఎవరూ ముట్టుకోలేదు.

రబ్బీ అన్నాడు, తవ్వి తియ్యొచ్చు, తప్పు లేదు, పుస్తకాలు మనుషులు కాదు కదా అని. "మా ఇంట్లో నలభై ఏళ్ళు ఉండి ఆ మాట చెప్పండి" అన్నాను.

తవ్వాలంటే నా మాట కావాలట, చోటు నాది కనక. ఇప్పుడు గుర్తొచ్చింది అందరికీ, చోటు నాదని! నేను సరే అంటే అన్నీ పైకి తీస్తారు. ప్రార్థన పుస్తకాలు ఇంకోచోట పెడతారు, నా చోటు నాకిస్తారు, పెట్టె గ్రంథాలయానికి పోతుంది. అక్కడొక గది, గది గోడకి ఇత్తడి పలక. పలక మీద ఏం చెక్కిస్తారో ఆ గ్రంథాలయం పెద్దమనిషి చేతులు తిప్పుతూ చెప్పాడు. "జేలిగ్, బ్లూమాల సేకరణ."

జేలిగ్, బ్లూమా! శుభలేఖ మీద వేసినట్టు!

ఆవిడే సర్ది, ఆవిడే ఏది ఏమిటో కార్డుల మీద జాబితా రాసిందట, అందుకని న్యాయమట. ఇంకో యాభై ఏళ్ళకి ఎవరో పిల్లలు వచ్చి చూస్తారు. ఎవరనుకుంటారు? మొగుడూ పెళ్ళాలనుకుంటారు. పాపం ఎంత ఒద్దికగా బతికారో అనుకుంటారు!

నేను వద్దంటే? పలకా లేదు, గదీ లేదు. పెట్టె నీ పక్కనే ఉంటుంది. నాకు వేరే చోటిస్తారట. ఎక్కడా? ఆ కంచె పక్కన. ఎవరి పక్కన? ఆవిడ కొనుక్కున్న చోటు పక్కన! షాయా ఆ మాట చెప్పినప్పుడు వాడి మొహం మీద రొట్టె విసరాల్సింది.

అదీ లెక్క. గోడ మీద నీ పక్కన ఆవిడ ఉంటేనే, మట్టిలో నీ పక్కన నేనుంటాను. గోడని ఊరంతా చూస్తుంది. మట్టిని ఎవరు చూస్తారు? పురుగులు.

ఆలోచించుకుని చెప్తానని పంపేశాను. జులై అంతా ఆలోచించాను. పోనీ పెట్టెని అక్కడే కుళ్ళనీ, అని ఒక పూట. అయ్యో నా చోటు, అని ఒక పూట. నువ్వేమో ఇక్కడ హాయిగా పడుకున్నావు, రెండు వైపులా లాభమే నీకు.

పోయినవారం బ్లూమా వచ్చింది. ఒక్కతే. పెదాలకి రంగు లేదు. బతిమాలడానికి వచ్చిందనుకున్నాను, రెండు ముక్కలు దులిపేద్దామని సిద్ధంగా ఉన్నాను. నిమ్మకాయ కోసి టీ పెట్టాను. ఎంత పగవాళ్ళొచ్చినా టీ పెడతాం కదా.

కూర్చుంది. అప్పుడంది, "ద్వోషా గారూ, ఆ రోజు మీరు డబ్బా పట్టుకున్నానన్నారు. అది ఎలాంటి డబ్బా?"

జేలిగ్, నా చేతిలో నిమ్మకాయ కింద పడిపోయింది.

విన్నదయ్యా ఆవిడ! గుమ్మంలో నిలబడి విన్నది! నువ్వు ఎదురుగా కూర్చుని వినలేదు, ఆవిడ అక్కడ నిలబడి విన్నది. "అడగాలనుకున్నాను, ఆయన చదువుతున్నారని ఊరుకున్నాను. తర్వాత మీరు నాతో మాట్లాడేవారు కాదు" అంది. నేను మాట్లాడేదాన్ని కాదు, నిజమే.

చెప్పాను. ఎర్ర రేకు డబ్బా, మూతకి గుడ్డ చుట్టి ఉండేది అన్నాను. ఇక ఆగలేదు నేను. మాంసం కొట్టువాడి వీధి చెప్పాను. ఒకావిడ కోటు కింద మాంసం దాచుకుని పోతుంటే మా అమ్మ ఆపి, "అయ్యో తల్లీ, నిన్నటిదాకా లేదే, ఇవాళ ఎన్నో నెల?" అని కోటు లాగిందని చెప్పాను. బ్లూమా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. గుర్రం మీద పోలీసు వచ్చాడని, ఆడవాళ్ళందరూ వెనక్కి తగ్గితే మా అమ్మ మాత్రం పోలీసుని చూడకుండా సంచిలోంచి క్యారెట్ తీసి గుర్రానికి పెట్టిందని, గుర్రం ఇక కదల్లేదని చెప్పాను. చెప్పు, ఆ గుర్రం ఏ డిమాండులో ఉంది? ఏ పేజీలో ఉంది?

బ్లూమా రాసుకుంటూనే ఉంది. చీకటి పడింది. అప్పుడడిగాను, ఇంక నావల్ల కాక. "అంతంత దూరం కారులో పోయేవారు. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళు?" అని.

నావైపు అదోలా చూసింది. "మాట్లాడుకోవడమా? ఆయన పెట్టెల గురించి చెప్పేవారు, నేను దారి చెప్పేదాన్ని. ముప్పై ఏళ్ళు ఆ బడిలో చెప్పాను ద్వోషా గారూ. ఆ బడి స్వర్ణోత్సవ సంచిక కోసం ఆయన మూడు రాష్ట్రాలు తిరిగారు. పక్కన కూర్చున్న నన్ను మాత్రం, నీ బడి ఎలా ఉండేది బ్లూమా అని ఒక్కసారి అడగలేదు."

అర్థమైందా? ఆవిణ్ణీ అడగలేదు!

ఇన్నేళ్ళు ఎవరి మీద కుళ్ళుకున్నాను నేను? ఆ ముందు సీటు మీద! ఆ సీటులో కూర్చున్నావిడ నాకంటే పెద్దగా ఏం పొందలేదు, ఆవిడ మోకాళ్ళ మీదా ఒక మ్యాపు, అంతే. కాగితం తప్ప నీకు ఇంకేం కనపడలేదు. నోళ్ళు పోతాయి, పోతాయి అని భయపడ్డావు కదా. పోయేలోపు అడగొచ్చు కదయ్యా!

అప్పుడు చెప్పేశాను ఆవిడతో. నీకూ చెప్తున్నా, విను. ఆ పెట్టె పొరపాటున పోలేదు. షాయా మనిషి మెట్ల కింద నుంచి అడిగాడు, "ఇదీ తీసుకెళ్ళాలా అమ్మా?" అని. నేను దిగి చూశాను. ఆవిడ గుండ్రటి రాత చూశాను. నాకు చదవడం వచ్చు కదా జేలిగ్, మా అమ్మ నేర్పింది. ఏ పెట్టో తెలిసే, తీసుకెళ్ళు నాయనా అన్నాను. ఇంట్లోంచి పోతే చాలనుకున్నాను. పోయి పోయి నా గోతిలోనే పడుకుంటుందని నాకేం తెలుసు!

బ్లూమా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు తెలుసు. నేనైతే ఓవెన్‌లో పెట్టి వేడి పెంచేదాన్ని" అంది. అక్కడితో మా మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

అదీ సంగతి. తవ్వుకోమని చెప్పేశాను షాయాకి. ఎల్లుండి వస్తారు. పెట్టె పైకి వస్తుంది, గుర్రాన్ని కూడా అందులో కలుపుతుందట బ్లూమా. పలక మీద రాసుకోనీ, జేలిగ్, బ్లూమా అని. చూసినవాళ్ళు ఏమన్నా అనుకోనీ. అబద్ధం చెప్పను, ఇప్పటికీ ఆ రెండు పేర్లు పక్కపక్కన తలుచుకుంటే ఇక్కడ, ఇదిగో ఇక్కడ, మండుతుంది. మండనీ.

నా చోటు నాకొచ్చేస్తుంది. సంతోషమా నీకు? అంత తొందరేం వద్దు. కంచె పక్కన చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. "వచ్చెయ్ ద్వోషా, అక్కడ నీడ బావుంటుంది, బోలెడు మాట్లాడుకోవచ్చు" అంది బ్లూమా. ఆలోచిస్తున్నాను. ఆవిడ అడిగింది. నువ్వేమో ఆ చోటు పుస్తకాలకన్నావు.

ఇక నువ్వు కుళ్ళుకో. నలభై ఏళ్ళు సూప్ వేడిచేసి, మళ్ళీ వేడిచేసి, కిటికీ దగ్గర కూర్చున్నాను నీ కారు కోసం. ఇప్పుడు నువ్వు చూడు ఎదురు. పక్కన పుస్తకమూ ఉండదు, పెళ్ళామూ ఉండదు, వస్తుందో రాదో తెలీదు.

హారన్ విన్నావా? ఆవిడే. గేటు దగ్గర కారు ఆపుకుని కూర్చుంది, కాళ్ళనొప్పులు, లోపలికి రాలేదు. సాయంత్రం మా అమ్మ పాటలు చెప్పాలి, రాసుకుంటుందట. ముందు సీట్లో కూర్చుంటాను నేను. వెనక సీటు ఖాళీగానే ఉంది. నువ్వు రాలేవుగా.

ఉండు, రాయి పెట్టలేదు కదూ. ఇదిగో. నీ వైపు కాదు, ఇటు, నా సగం మీద పెడుతున్నా. బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టు. ఎల్లుండి తవ్వాక షాయా మళ్ళీ ఎవర్ని తెచ్చి పెడతాడో ఏమిటో.

వస్తానో రానో నా ఇష్టం. చోటు మాత్రం నాదే.